అయిదో భాష

జూన్ 3, మంగళవారం

పుస్తకం ప్రూఫులు వచ్చాయి. నాలుగు వందల పన్నెండు పేజీలు. ఎత్తు కొండల మీద లోయకొకటి చొప్పున అయిదు చిన్న భాషలు, అన్నీ ఒక తల్లి పిల్లలు. మాట్లాడేవాళ్ళందరినీ పోగుచేస్తే ఒక మాదిరి సినిమా హాలు నిండుతుంది. కింది నుంచి పైకి మొదటిది, రెండోది అంటూ ఆఫీసులో అంకెలతోనే పిలుచుకుంటాం. అయిదోదాన్ని మాత్రం నా దగ్గర "మీ అమ్మాయి" అంటారు. ఇరవై తొమ్మిదేళ్ళ కిందట దాన్ని కనిపెట్టింది నేనే. నాకు వేరే పిల్లలు లేకపోవడం కూడా ఆ వేళాకోళానికి కలిసొచ్చింది.

జూలై 30లోగా చివరి పేజీలో సంతకం పెట్టాలి. "పై అయిదు భాషల వివరాలను సరిచూశాను" అని. ఆ తర్వాత ప్రెస్సు. ఆ తర్వాత ఎనిమిది నెలలకి నా రిటైర్మెంటు.

పాత టేపులను కంప్యూటర్లోకి ఎక్కించడానికి మార్చిలో ఒకమ్మాయి చేరింది. ఆఫీసంతా ఆమెను టేపులమ్మాయి అంటోంది. మధ్యాహ్నం నా బల్ల దగ్గరికి వచ్చింది.

"మేడమ్, పద్నాలుగో టేపులో ఆవిడ గొంతు మాటిమాటికీ పడిపోతోందండీ. పెంచితే గరగర వస్తోంది."

"టేపు పాతదమ్మా. తేమకి పాడయ్యుంటుంది."

"వెనక ఎవరో మగాయన దగ్గు కూడా ఉంది. తీసెయ్యనా?"

తీసెయ్యమన్నాను. ఆమె తలుపు దాకా వెళ్ళాక వద్దన్నాను. ఎందుకన్నానో తెలియదు.

మావయ్యగారి కళ్ళద్దాల కాడ విరిగింది. అతికించాలి.

జూన్ 4

టేపు పాతదే. తేమకి పాడయింది.

జూన్ 8, ఆదివారం

మా ఆయన ఆనకట్ట పని దగ్గర నుంచి ఆదివారాలు ఫోన్ చేస్తారు. ఈవేళ వంటింట్లో నిలబడి మాట్లాడాను.

"మీ నాన్నగారు డబ్బాలన్నీ తూచారండీ. ఒక్కోదాని మీద ఎంతుందో చీటీ అంటించారు. ఇంట్లో నేనేదో దొంగతనంగా అమ్ముకుంటున్నట్టు..."

హాల్లో దగ్గు.

"ఏంటీ? వినపడట్లేదు."

"ఏం లేదు. అదే, ఆ తెల్లవి. వాటి మీద ఇవి పెట్టారు."

"నాన్న దగ్గారా?" అని ఆయన పగలబడి నవ్వారు.

మావయ్యగారిది జబ్బు దగ్గు కాదు. తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా ముప్పై నాలుగేళ్ళు చేశారు. దుకాణాల్లోకి చెప్పకుండా వెళ్ళడం ఉద్యోగం. ఇంట్లో మాత్రం గది మారేముందు దగ్గుతారు, ఇదిగో వస్తున్నానని. పెద్దమనిషి మర్యాద. నేనూ ఈ ఇంట్లో ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆ దగ్గుకి గొంతు తగ్గిస్తూనే ఉన్నాను. మా ఆయన అలా నవ్వేదాకా ఆ సంగతి నాకు తెలియలేదు. చీటీని "ఇవి" అన్నాను, డబ్బాలను "తెల్లవి" అన్నాను. దొంగతనం మాట ఎగిరిపోయింది.

ఫోన్ పెట్టేశాక పద్నాలుగో టేపు గుర్తొచ్చింది. గుర్తు రాకపోతే బాగుండేది.

జూన్ 9

టేపు మొత్తం విన్నాను. నలభై మూడు నిమిషాలు. దగ్గు పదకొండు సార్లు. పదకొండు సార్లూ ఆమె గొంతు పడింది.

నోటు పుస్తకంలో ఆమెను కదురమ్మ అని రాసుకున్నాను. మాట్లాడినంతసేపూ ఉన్ని వడికేది. రాతి నేల మీద కదురు తిరిగే చప్పుడు టేపులో ఇప్పటికీ శుభ్రంగా ఉంది. నాకంటే రెండేళ్ళు చిన్నది. నాకు పెళ్ళయి అప్పటికి రెండు నెలలు. ఊళ్ళో మగవాళ్ళంతా మందలతో పై బయళ్ళకి వెళ్ళిన కాలం అది. ఇంట్లో ముగ్గురు కోడళ్ళు, పిల్లలు, గుమ్మంలో ఎండకి కూర్చున్న ముసలి మామ. ఆయన నాతో ఒక్క మాటా మాట్లాడలేదు. "ముసలాయనకి చెవుడు కావచ్చు" అని రాసుకున్నాను. చెవుడున్న మనిషికి అంత వేళ చూసుకుని దగ్గు ఎలా వస్తుందో ఆలోచించలేదు.

సరే, ఇందులో వింతేముంది. పెద్దవాళ్ళ ముందు ఆడవాళ్ళు గొంతు తగ్గించడం ఎక్కడైనా ఉన్నదే. గొంతు తగ్గిస్తే భాష మారదు.

జూన్ 11

గొంతు తగ్గిస్తే భాష మారదు.

జూన్ 16, సోమవారం

ఏ భాష దగ్గరికి వెళ్ళినా మేం మొదట అడిగేవి రెండు వందల మాటలు. నీళ్ళు, నిప్పు, చెయ్యి, కుక్క, తల్లి, రాయి, అలాంటివి. ఆ జాబితాలో నాలుగో భాషకీ అయిదోదానికీ నూట పన్నెండు మాటలు కలుస్తాయి, ఎనభై ఎనిమిది కలవవు. వాక్యం మాత్రం రెండింటిలోనూ ఒకే పోత. అప్పటి డైరెక్టరు గారు "ఇల్లొకటే, సామానంతా వేరా? భలే పట్టావమ్మా!" అని భుజం తట్టారు. ఎప్పుడో అంతరించిన ఒక పాత జాతి మాటలు ఆ పై ఊళ్ళో మిగిలిపోయాయని నేను మూడు వందల పేజీలు రాశాను. డాక్టరేటు ఇచ్చారు. కప్పిన శాలువా మా తమ్ముడికి ఇచ్చేశాను.

ఈవేళ టేపులమ్మాయి పట్టిక వేసుకొచ్చింది.

"ఇది చూడండి మేడమ్. ఈ ఎనభై ఎనిమిదీ నాలుగో భాషలో అయిదంటే అయిదు శబ్దాలతోనే మొదలవుతున్నాయి. మిగతా శబ్దాల మాటలన్నీ చక్కగా కలిశాయి. ఇలా జరుగుతుందాండీ?"

"జరగొచ్చు."

"ఎందుకు జరుగుతుంది?"

"చూద్దాం. అక్కడ పెట్టి వెళ్ళు."

ఆమె వెళ్ళాక పాత నోటు పుస్తకం మొదటి పేజీ తీశాను. ఇంటివాళ్ళ వివరాలు. ముసలాయన, ఆయన తమ్ముళ్ళు నలుగురు. ఆ అయిదుగురి సంతానమే ఊరంతా. అయిదు పేర్లు. వాటి మొదళ్ళలో అవే అయిదు శబ్దాలు.

టీ తెప్పించుకున్నాను. చల్లారిపోయింది. ఇంకోటి తెప్పించుకున్నాను. అదీ చల్లారింది.

ఇంటి పెద్దల పేర్లు కోడలు పలకకూడదు. పేరే కాదు, ఆ పేరు మొదలయ్యే శబ్దంతో ఏ మాటా అనకూడదు. దానికి బదులు ఇంకో మాట అనాలి. ఈ మర్యాద ప్రపంచంలో చాలా మూలల్లో ఉంది. ఎక్కడెక్కడ ఉందో మ్యాపు వేసి ఏటా కుర్రకారుకి పాఠం చెప్పేదాన్ని నేనే. గుమ్మంలో మామ కూర్చుని ఉండగా కోడలిని మాటలు అడిగాను. ఆమె తన బదులు మాటలు చెప్పింది. మిగిలిన ఇద్దరు కోడళ్ళూ అవే చెప్పారు. నేను రాసుకున్నది ఒక ఊరి భాష కాదు. ఒక ఇంటి కోడళ్ళ మర్యాద. ఆ ఊరి భాష నాలుగోదే.

ఇది రుజువు కాలేదు. ఇంకా చూడాలి.

జూన్ 17

సెలవు పెట్టాను. కిటికీ అద్దాలు తుడిచాను. అవి ముందే శుభ్రంగా ఉన్నాయి.

జూన్ 22, ఆదివారం

కళ్ళద్దాలు అతికించి ఇచ్చాను. మావయ్యగారు వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, "కుడి కాడ కాస్త బరువెక్కింది" అన్నారు. అన్నింటికీ అదే వరస.

"మావయ్యగారూ, మీరెప్పుడైనా తప్పు తూకం రాయి మీద ముద్ర వేశారా?"

పేపరు మడిచారు. "వేశాను. చేరిన కొత్తలో. మా ఆఫీసు నమూనా రాయే అరిగిపోయి ఉంది. దాంతో సరిచూసి ఒక బజారు మొత్తానికి ముద్రలేశాను."

"అయ్యో. మరి?"

"ఏడాదిన్నర ఎవడికీ తెలియలేదు. కొనేవాడిదీ అదే రాయి, అమ్మేవాడిదీ అదే రాయి. అందరిదీ ఒకే తప్పయితే తగాదా ఎక్కడొస్తుందమ్మాయ్?"

"ఎవరికీ నష్టం లేదన్నమాట."

"అలాగే అనుకుని ఊరుకున్నాను. ఒకరోజు మందుల కొట్టువాడు కూడా ఆ రాయే వాడుతున్నాడని తెలిసింది." పేపరు ఇంకో మడత పెట్టారు. "ఆ మధ్యాహ్నమే తిరిగి వెళ్ళి ముద్రలన్నీ అరగదీశాను. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదనుకో. మా పైఅధికారి వారం రోజులు నాతో మాట్లాడలేదు."

తర్వాత మళ్ళీ పేపరు విప్పుకున్నారు. నేనెందుకు అడిగానో ఆయన అడగలేదు.

జూన్ 26

డైరెక్టరు గారికి చెప్పాను. నాకంటే పన్నెండేళ్ళు చిన్నవాడు, మంచివాడే. తలుపు వేసి వచ్చి కూర్చున్నాడు.

"మేడమ్, ఇది మీకూ నాకూ తప్ప ఎవరికి తెలుసు?"

"టేపులమ్మాయికి సగం తెలుసు. మిగతా సగం సోమవారానికి తెలుస్తుంది."

"అయిదు అని పైవాళ్ళకి ఎప్పుడో రాసిచ్చేశాం. ఆ ఊళ్ళో బడి ఎందుకుందో మీకు తెలుసు కదా. సొంత భాష ఉన్న ఊరికి సొంత బడి అన్న రూలు మీదే ఉంది. నాలుగే అంటే రేపు పొద్దున దాన్ని కింది లోయ బడిలో కలిపేస్తారు. ముప్పై ఒక్క మంది పిల్లలు. ఒకరోజు నడక."

"తెలుసు."

"వాచకం రాసింది మీరు. నిఘంటువు మీది. ఎనిమిది నెలల్లో మీ సన్మానం. ఎందుకు మేడమ్ ఇప్పుడు తేనెతుట్టె కదపడం?"

నేను నిజం కోసమని అనబోయాను. ఆ మాట నా నోట్లో కొత్త చెప్పులా కరిచింది. నాకు నిజం కంటే భయం ఎక్కువగా ఉంది, టేపులమ్మాయి నాకంటే ముందు ఎక్కడైనా రాసేస్తుందేమోనని. ఇక్కడ ఎవరూ చూడరు కాబట్టి ఒప్పుకుంటున్నాను.

జూలై 1

పైకి వెళ్తున్నాను. టేపు సరిచూడటానికి మాత్రమే. ఆ ముసలాయన నిజంగానే చెవిటివాడేమో, ఆ పేర్లు నేనే తప్పు రాసుకున్నానేమో. తేలిపోతుంది.

ఇరవై తొమ్మిదేళ్ళలో ఒక్కసారీ మళ్ళీ వెళ్ళలేదు. మొదట దారి కూలిపోయింది. తర్వాత దారి వేశారు, నా మోకాళ్ళు కూలాయి. కారణాలకు కరువు లేదు.

మావయ్యగారికి మందుల డబ్బా సర్ది పెట్టాను. "ఎన్ని రోజులు?" అన్నారు. వారం అన్నాను. చీటీ రాసి డబ్బా మీద అంటించుకున్నారు.

జూలై 6

బస్సు, తర్వాత జీపు, తర్వాత నాలుగు గంటల నడక. మలుపులో ఒక గొర్రెల కాపరి కనిపిస్తే ఊరికి దారి అడిగాను. అయిదో భాషలో అడిగాను, ఎంతో గర్వంగా. అరవై ఏళ్ళ మనిషి, చటుక్కున తల పక్కకి తిప్పుకుని, కర్రతో దారి చూపించి, గొంతు సవరించుకుంటూ వెళ్ళిపోయాడు. నాలుగడుగులు వేశాక వెనకనుంచి నవ్వు వినిపించింది. ఆగకుండా నవ్వుతున్నాడు. యాభై ఏడేళ్ళ పరాయి మనిషి వచ్చి కొత్త పెళ్ళికూతురిలా మాట్లాడిందని ఈపాటికి ఊరంతా తెలిసి ఉంటుంది.

ఇక సరిచూడాల్సిందేమీ లేదు.

బడి ఊరి మొదట్లోనే ఉంది. రెండు గదులు, రేకుల కప్పు, ఇనుప పొయ్యి. పిల్లలు నా వాచకం రాగం తీసి చదువుతున్నారు. తొమ్మిదో పాఠం, ఏరు దాటడం. పంతులు కింది ఊరివాడు, పందొమ్మిదేళ్ళుగా ఇక్కడే ఉన్నాడు. నన్ను చూసి కుర్చీ తుడిచి వేశాడు.

"మీకు తెలుసా?" అన్నాను.

"వచ్చిన మూడో నెలలో తెలిసిందండీ. ఆటలో దెబ్బ తగిలితే ఒక్కడూ మీ పుస్తకం మాటల్లో ఏడవడు."

జూలై 7

కదురమ్మ నన్ను చూడగానే గుర్తుపట్టింది. పళ్ళు నాలుగు పోయాయి, కదురు అదే. కింది బజారు భాషలో మాట్లాడుకున్నాం, అది ఇద్దరికీ సగం సగం వచ్చు.

"ఏమమ్మా, ఇన్నాళ్ళకి గుర్తొచ్చామా?"

"అప్పుడు నువ్వు చెప్పినవి ఊరి మాటలు కావని ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు 'దీన్ని ఏమంటావు' అన్నావు. నేను అనేది చెప్పాను." కదురు ఒకసారి తిప్పింది. "మావ గుమ్మంలో కూర్చున్నాడాయె. నువ్వేమో నీళ్ళను ఏమంటావు, నిప్పును ఏమంటావు అని ఒకటే పోరు. ఒక్కో మాటకీ నా గుండె జారిపోయేది. మా తోటికోడళ్ళు నీ వెనకాల నిలబడి నవ్వు ఆపుకోలేక చచ్చారు. ఎంత బుద్ధిగా రాసుకున్నావో!"

సిగ్గేసింది. ఇంత వయసొచ్చాక సిగ్గేస్తే చెవులు వేడెక్కుతాయని ఇప్పుడే తెలిసింది.

"వాచకం వచ్చాకయినా చెప్పొచ్చు కదా?"

"ఏమని చెప్పేది? పుస్తకంతో పంతులొచ్చాడు. పంతులుతో బడి వచ్చింది, పొయ్యి వచ్చింది. మగపిల్లలు ఒక పూట కోడళ్ళలా చదివితే ఏం, నోరు అరిగిపోతుందా? మా ఆయనయితే మావాడి పుస్తకం పట్టుకుని తనూ చదవడం నేర్చుకున్నాడు. ఇప్పటికీ రోజూ పొద్దున్నే గొంతెత్తి చదువుతాడు. ఊరంతా నవ్వుకుని ఊరుకున్నాం."

అప్పుడే లోపలినుంచి ఒక అమ్మాయి టీ తెచ్చింది. ఇరవై రెండేళ్ళుంటాయి. నా ముందు గిన్నె పెట్టి, వేళ్ళతో ఏదో చూపించి కదురమ్మ వైపు చూసింది. కదురమ్మ తలూపింది. అమ్మాయి వెళ్ళిపోయింది.

"మీ కోడలా? మూగదా?"

కదురమ్మ కదురు ఆపింది. టేపులో గానీ ఇక్కడ గానీ అది ఆగడం నేను మొదటిసారి చూశాను.

"మూగది కాదు. పుట్టింట్లో వసపిట్ట. పెళ్ళయి రెండేళ్ళయింది, ఈ ఇంట్లో మాట్లాడి ఎరగదు. ఏ మాట ఆడమంటావు? అసలు మాట అనకూడదు, అది ఇంటి పెద్దల పేరు. బదులు మాట అందామా, అది నీ పుస్తకంలో పడి మామ నోట్లో పొద్దున్నే నానుతోంది. మామ నోటి మాట కోడలు అందుకుంటే ఇంక మర్యాద ఏముంది? నాకు నా అత్త ఇచ్చింది ఆ మాటలు, పెళ్ళయిన రోజున, తలుపు మూసి, ఒక్కొక్కటీ చెవిలో చెప్పి. నేను దీనికి ఇద్దామంటే నా దగ్గర ఏముంది? అన్నీ నువ్వు పట్టుకెళ్ళి అందరికీ పంచావు."

"ఊళ్ళో మిగతా కోడళ్ళు?"

"ఆ పుస్తకం చదివిన కుర్రాళ్ళని చేసుకుని ఈ నాలుగైదేళ్ళలో వచ్చినవాళ్ళు ఆరుగురు. అందరూ చేతులతోనే."

మర్యాద మానేయొచ్చు కదా అనాలనిపించింది. ఆ మాట ఇంట్లో దగ్గు వినగానే డబ్బాలను తెల్లవి అన్న మనిషి అనకూడదు.

"పుస్తకం తీసేస్తే బడి కిందికి పోతుంది" అన్నాను.

"పిల్లలకి కాళ్ళున్నాయి, నడుస్తారు. దీనికి నోరు లేకపోతే ఎట్లా నడుస్తుంది?" అంది. కదురు మళ్ళీ తిప్పి, "బడి పోకుండా చూడు. పోతే పోయింది. పుస్తకం మాత్రం తీసెయ్యి" అంది.

జూలై 8

పొద్దున్నే పక్కింటి అరుగు మీద నుంచి కదురమ్మ భర్త చదువు వినిపించింది. తొమ్మిదో పాఠం. చాలా బాగా చదువుతాడు. ఒక్క తప్పు లేదు.

ఆ గొంతు వినపడుతుండగానే వాళ్ళ కోడలు ఉన్ని గంప ఎత్తుకుని ఏటికి బయలుదేరింది. నేనూ వెళ్ళాను. అక్కడ ఇంకా అయిదుగురున్నారు. రాళ్ళ మీద ఉన్ని నలుపుతూ గలగలా మాట్లాడుతున్నారు. ఆరుగురూ. నన్ను చూసి ఆగిపోయారు. ఆ అమ్మాయి చేతులు తుడుచుకుని నా దగ్గరికి వచ్చింది. గొంతు బొంగురుగా, దిట్టంగా ఉంది.

"పుస్తకం రాసింది మీరేగా?"

"నేనే."

"మీకొకటి చెప్తాను. రాయకుండా ఉండగలరా?"

నా చేతిలో నోటు పుస్తకం, కలం ఉన్నాయి. అవి నా చేతిలో ఎప్పుడూ ఉంటాయి. ఆమె కలం తీసుకుని, మూత పెట్టి, నా చొక్కా జేబులో గుచ్చింది, చిన్నపిల్లకి పెట్టినట్టు.

వాళ్ళు కొత్త మాటలు కట్టుకుంటున్నారు. ఏటి దగ్గర, ఆరుగురూ కూర్చుని, ఒక్కోదానికి రెండు మూడు అనుకుని, నోటికి నచ్చింది ఉంచుకుంటున్నారు. ఏడాదిన్నరగా. ఒక మాట మీద ఇద్దరికి తగాదా వచ్చి నెల రోజులు పలకరింపులు లేవట. అన్నింటికీ చాలినన్ని అయ్యాక, ఒకే రోజున, ఆరిళ్ళలోనూ నోరు తెరుస్తారు. అత్తలకి కూడా అప్పటిదాకా చెప్పరు.

"మీరు రాస్తే ఇవి కూడా పోతాయి" అంది.

నీళ్ళకి వాళ్ళు పెట్టుకున్న మాట చెప్పింది. ఏటి వైపు చూపించి మళ్ళీ చెప్పింది. నిప్పుకి చెప్పింది. గొర్రెపిల్లకి చెప్పబోయి తనే నవ్వింది, మిగతావాళ్ళు కూడా. నేను కూడా నవ్వాను. ఇరవై తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో విన్న మాటల్లో...

ఇక్కడ కూడా రాయను.

జూలై 14, సోమవారం

డైరెక్టరు గారి గదిలో నేను, టేపులమ్మాయి. పట్టికలన్నీ పరిచాం. నేను అంతా చెప్పాను. ఆ ఊరి భాష నాలుగోదే, అయిదోది కోడళ్ళ బదులు మాటలు, వాచకమూ నిఘంటువూ వెనక్కి తీసుకోవాలి. తప్పు నాది.

ఆయన చాలాసేపు పెన్నుతో బల్ల మీద కొట్టాడు.

"సరే. వాచకం పోయింది, ఆ మాటలు అందరివీ అయిపోయాయి. మరి ఇప్పుడు వాళ్ళ కోడళ్ళు ఏం మాట్లాడుతున్నారు మేడమ్?"

"ఏమీ మాట్లాడటం లేదు. చేతులతో చూపిస్తున్నారు."

"కొత్తగా ఏమైనా పుట్టుకొచ్చిందా? చూడండి, ఆలోచించి చెప్పండి. ఓ యాభై మాటలున్నా చాలు. 'కళ్ళ ముందు పుడుతున్న భాష' అని రాద్దాం. అయిదోది అయిదోదిగానే ఉంటుంది, బడి ఉంటుంది, మీ పేరూ ఉంటుంది. ఇంకా పెద్ద పేరు వస్తుంది."

నిజమే. అలాంటిది దొరికితే ఎవరయినా చేతులు చాచి అందుకుంటారు. నాలుగు పేజీలు రాస్తే చాలు. అరగంట పని. ముప్పై ఒక్క మంది పిల్లలు కూడా ఆ నాలుగు పేజీల్లోనే ఉన్నారు. ఆ రేకుల కప్పు, ఇనుప పొయ్యి, పంతులు తుడిచిన కుర్చీ వరసగా గుర్తొచ్చాయి. చొక్కా జేబులో కలం మూత తగిలింది.

"ఏమీ లేదు" అన్నాను.

టేపులమ్మాయి నా మొహంలోకి చూసింది. టేపులో దగ్గు విన్న చెవులు ఆమెవి. పట్టికలు సర్దుకుంది.

జూలై 21

బడి సంగతి తేలింది. కింది బడికి శాఖగా ఉంచుతారు, మూడో తరగతి దాకా, పంతులుతో సహా. పెద్దపిల్లలు పదకొండు మంది కిందికి దిగాలి. అక్కడే హాస్టల్లో ఉండాలి. నెలకొకసారి ఇంటికి.

పదకొండు మంది. పేర్లన్నీ పంతులు పంపాడు.

జూలై 23

సన్మానం సంగతి ఎవరూ ఎత్తడం లేదు. కారిడార్లో ఎదురైనవాళ్ళు గోడ మీద గడియారం చూసుకుంటూ పోతున్నారు. "మీ అమ్మాయి" అని ఇక ఎవరూ అనరు. అది మాత్రం కష్టంగా ఉంది.

జూలై 30, బుధవారం

సంతకం పెట్టాను. మూడు వందల ఇరవై ఆరు పేజీలకి తగ్గింది. చివరి పేజీలో "పై నాలుగు భాషల వివరాలను సరిచూశాను" అని ఉంది. తేదీ వేసి, ప్రెస్సువాడి సంచిలో పెట్టి, ఇంటికి వచ్చేశాను.

అయిదోది లేనప్పుడు అయిదు అని ఇరవై తొమ్మిదేళ్ళు చెప్పాను. ఉన్నప్పుడు నాలుగు అని సంతకం పెట్టాను.

ఆయన ఫోన్ చేశారు, ఆదివారం కాకపోయినా. వంటింట్లోనే నిలబడి మాట్లాడాను. పెట్టేశాక హాల్లో దగ్గు వినిపించింది, మావయ్యగారు లోపలికి వచ్చారు. చేతిలో నేను బల్ల మీద పెట్టిన ప్రూఫు కాపీ ఉంది. చివరి పేజీ తెరిచి, అతికించిన కళ్ళద్దాలు సర్దుకుని చదివారు.

"మొన్నటిదాకా అయిదన్నావు కదమ్మాయ్."

"రాయి అరిగి ఉంది మావయ్యగారూ. ముద్ర తీసేశాను."

తలూపారు. పేజీ మీద వేలు పెట్టి ఉంచారు. ముప్పై నాలుగేళ్ళు దుకాణాల్లో నిలబడి, అడగాల్సిన ప్రశ్న అడిగి, చెప్పేవాడి మొహం చూసిన మనిషి.

"ఇప్పుడు సరిగ్గా తూచావా? నాలుగేనా?"

ఆయన దగ్గారు. నేను గొంతు తగ్గించలేదు.

"నాలుగే" అన్నాను.